వేలంలో వచ్చిన శుక్రవారాలు

మా బావ పొద్దున్నే పేపరు తీస్తే రాశిఫలాలు చదవడు, సినిమా పేజీ చూడడు. నేరుగా బ్యాంకుల వేలం ప్రకటనలకు పోతాడు. చీమ తలకాయంత అక్షరాల్లో, నాలుగు దిక్కుల సరిహద్దులతో సహా, ఎవరెవరి ఇళ్ళో అక్కడ వరుసగా పడుకొని ఉంటాయి. కిస్తీలు కట్టలేక బ్యాంకు చేతికి పోయిన ఇళ్ళను వేలంలో పాడుకోవడం, రంగు వేయించి మళ్ళీ అమ్మడం ఆయన పని. వరంగల్, హనుమకొండ, కాజీపేట, మూడు ఊళ్ళలోనూ తన చెయ్యి పడని గోడ లేదంటాడు. నేను ఇంకాస్త పెంచి, వేయిస్తంభాల గుడి ఒక్కటే తప్పించుకుందని చెబుతుంటాను.

పెంచి చెప్పడం నా వృత్తి రోగం. హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. పాస్‌పోర్టు ఫొటో పట్టుకొచ్చిన మనిషిని రెండంతస్తుల ఎత్తు చేసి కరెంటు స్తంభాల మధ్య వేలాడదీయడమే నా బతుకుదెరువు. ఇన్నేళ్ళు అదే పని చేసిన కంటికి ఏ వస్తువూ దాని సైజులో కనిపించదు. కానీ కాజీపేట ఇంటి సంగతి చెప్పబోతే మాత్రం, ఎంత పెంచినా అసలు జరిగినదానికి పొట్టిగానే ఉంటోంది.

"ఎన్నేండ్లు కిరాయిండ్లల్ల తిరుగుతవ్ బామ్మర్ది? ఇల్లు మారినప్పుడల్లా నీ బీరువా సగం అరిగిపోతాంది" అని బావ ఒకరోజు దుకాణానికి వచ్చి పేపరు నా ముందు పరిచాడు. రైల్వే క్వార్టర్ల వెనక, రెండు గదులు, ఒక పెద్ద హాలు, వెనక కాస్త పెరడు. ప్రకటన చివర మామూలుగా ఉండే మంత్రమే ఉంది. ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నదో అదే పద్ధతిన అమ్మబడును.

"ఏమున్నదో అంటే ఏం బావా?"

"ఏమున్నదో గదే. నల్లా బిల్లు బాకీ ఉంటే నీదే, గోడ పగిలుంటే నీదే. తేలున్నా నీదే. తర్వాత బ్యాంకోన్ని అడగద్దు, గంతే."

వేలమంటే సుత్తి, బల్ల, గొంతు చించుకునే మనిషి ఉంటారనుకున్నాను. అవేమీ లేవు. దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చొని బటన్ నొక్కడమే. పక్కన మిషన్ మీద ఒక కార్పొరేటర్ మీసం మెల్లగా అచ్చవుతోంది. నేను నొక్కాను. అవతల ఎవరూ నొక్కలేదు. మీసం పూర్తయ్యేసరికి ఇల్లు నాదైంది. ఎవరూ పోటీ రానందుకు బావకు సంతోషం, నాకు భయం.

పాత యజమాని ఎవరని అడిగితే బావ చెయ్యి ఊపాడు. "ఎవలో దవాఖానల నర్సమ్మ. తమ్మునికి బోరు లారీ కొనిచ్చి ఇల్లు జమానతు పెట్టింది. లారీ పాయె, తమ్ముడు పాయె. గవన్నీ అడగద్దు బామ్మర్ది. అడిగితే రాత్రి నిద్ర వట్టది."

అడగలేదు. అయినా పట్టలేదు.

ఇల్లు చూడగానే నచ్చింది, చూసిన కొద్దీ భయం వేసింది. ఖాళీ ఇల్లు బోసిగా ఉండాలి కదా, ఇది బోసిగా లేదు. లోపల ఎవరో ఇప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్ళినట్టు ఉంది. ఎప్పుడు తలుపు తీసినా డెట్టాల్ వాసన. హాలు గోడ మీద పటాలు తీసిన చోట తెల్లటి చదరాలు, వాటి మధ్య మనిషి చెయ్యంత పొడవున తెల్లటి శిలువ ఆకారం. రంగు వేయించాను. ఎండేసరికి శిలువ పైకొచ్చింది. రెండో పూత వేయించాను. ఇంకా ముద్దుగా పైకొచ్చింది. పెయింటరు బ్రష్షు కింద పెట్టి, "అన్నా, దేశంల ఉన్న పెయింటంత తెచ్చి పూసినా ఇది పోదు. ఆయనకు మల్ల లేశొచ్చుడు అలవాటే" అని కూలి తీసుకొని వెళ్ళిపోయాడు.

ఇక పొద్దుటి పూట సంగతి. మేము దిగిన మరునాటి నుంచి, ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే, వెనక గేటు మూలిగేది. ఆ మూలుగు ముందు కాజీపేట జంక్షన్లో బ్రేకు వేసిన గూడ్సు బండి జోల పాట పాడినట్టు ఉంటుంది. నేను లేచి, ధైర్యం కూడగట్టుకొని, అంటే మా ఆవిడను ముందు పెట్టుకొని, వెళ్ళి చూసేసరికి ఎవరూ ఉండరు. కరివేపాకు చెట్టు పాదు మాత్రం తడిసి ఉండేది. నీళ్ళు ఇంకా ఇంకుతూ బుడగలు వచ్చేవి.

"దయ్యమైతే చెట్టెక్కి కూసుంటది గాని నీళ్ళు వోస్తదా?" అంది మా ఆవిడ.

"ఇది పనిమంతురాలైన దయ్యమేమో."

"అయితే జర అంట్లు గూడ తోమి పొమ్మను."

ఆమె నవ్వింది కానీ ఆ రోజే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించింది. ఎంత లావు కాయంటే, దాని కింద నుంచి లోపలికి రావాలంటే నేనే వంగి నమస్కారం పెట్టాల్సి వచ్చేది.

శుక్రవారం సాయంత్రం దుకాణం తొందరగా మూసి వచ్చాను. కుర్చీలో కూర్చొని అటుకులు తింటుంటే ముందు గేటు తీసిన చప్పుడు. ఒకళ్ళు కాదు, ఇద్దరు కాదు, కాజీపేట జనాభా సగం లోపలికి వస్తోంది. చంకల్లో చాపలు, చేతుల్లో నల్ల అట్టల పుస్తకాలు. ముందు నడిచే పెద్దాయన చేతిలో గజ్జెల కంజీర. రైల్వేలో పట్టాలు చూసే పని చేసి రిటైరయ్యాడని తర్వాత తెలిసింది. నడకలో ఇంకా స్లీపర్ల మీద అడుగులేస్తున్నట్టే ఉండేవాడు. ఆయన గుమ్మడికాయ వైపు ఒకసారి అనుమానంగా చూసి, తల వంచి, లోపలికి వచ్చాడు.

"వందనాలు తమ్మీ. అక్క ఇంక రాలేదా?"

"ఏ అక్క?"

"ఈ ఇంటక్క. నువ్వు కిరాయికొచ్చినవా? మంచిగ జేసినవ్. అక్కకు గూడ తోడుంటది."

నోట్లో అటుకులు ఉన్నాయి. మింగి జవాబు చెప్పేలోగా హాలంతా చాపలు పరిచారు. ఎక్కడ ఎవరు కూర్చోవాలో ఒకరిని ఒకరు అడగలేదు. చెప్పులు విప్పిన వరుస కూడా ఏళ్ళ తరబడి అక్కడే విప్పినట్టు ఉంది. గోడ వైపు చూసి ఒకామె, "పటం మల్ల ఎప్పుడు వెడ్తదో అక్క" అంది. నేను నా కుర్చీతో సహా మూలకు జరిగాను. సొంత ఇంట్లో నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచని మొదటి సాయంత్రం అది.

అప్పుడు ఆమె పరుగున వచ్చింది. తెల్ల నర్సు చీర, చేతిలో టిఫిను సంచి, నుదుట చెమట. గుమ్మంలోనే ఆగి లోపల కూర్చున్న వాళ్ళను చూసింది, నన్ను చూసింది. వాళ్ళ కంటే ముందు వచ్చి నన్ను కలవాలనుకుందని, డ్యూటీ దిగడం ఆలస్యమైందని తర్వాత చెప్పింది. ఆ క్షణంలో మాత్రం ఆమె ముఖం చూస్తే, నేను పెద్దగా ఒక్క మాటంటే చాలు, గోడతో సహా కూలిపోయేట్టు ఉంది. ఆమె తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే ఏదో నొక్కింది. హాల్లో ఫ్యాను తిరిగింది. అన్ని రోజులుగా ఆ ఫ్యానుకు స్విచ్చే లేదనుకొని ఎలక్ట్రీషియన్‌ను తిడుతున్నాను నేను.

అది కృతజ్ఞత కూటమని పాటల మధ్య మాటల్లో అర్థమైంది. బ్యాంకు వాళ్ళు గోడకు కాగితం అంటించిన నాటి నుంచి ఈ గుంపు అక్క ఇంటి కోసం ప్రార్థన చేస్తోంది. తాళాలు పడ్డప్పుడు ఊళ్ళో బంధువుల దగ్గర ఉంటున్నానని ఆమె వాళ్ళకు చెప్పింది. ఈ మధ్య అటుగా పోతూ ఎవరో చూశారు. కాగితం లేదు, కొత్త రంగు పడింది, లోపల లైటు వెలుగుతోంది. ఇంకేం, ప్రార్థన ఫలించిందని వార్త మంథని దాకా పోయింది. అక్కకు ఫోను చేసి, ఆమె నోరు తెరిచేలోగా శుక్రవారం కూటం ఖాయం చేశారు.

చివరన పెద్దాయన కళ్ళు మూసుకొని నా కోసం కూడా ప్రార్థించాడు. "ప్రభువా, ఈ తమ్ముడు ఇల్లు లేక కిరాయికుంటున్నాడు. అక్కకు దయచేసినట్టే ఈయనకు కూడా ఒక సొంత ఇల్లు దయచేయుము తండ్రీ." హాలంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. నేనూ అన్నాను.

అందరూ వెళ్ళాక ఆమె చాపలు చుట్టి మూలన పెట్టింది. నాకూ మా ఆవిడకూ ఎదురుగా నిలబడి, "మాఫ్ చెయ్యి తమ్మీ. ఇల్లు పోయిందని చెప్పనీకి నాకు సిగ్గులేదు. ఇన్నొద్దులు ఆల్లు మోకాళ్ళేసిండ్రు. ఆల్ల ప్రార్థన ఓడిపోయిందని నా నోటితోని ఎట్ల జెప్పాలె? వచ్చే శుక్రవారం చెప్త. ఒక్కటంటే ఒక్క శుక్రవారం" అంది.

"పొద్దుగాల చెట్టుకు నీళ్ళు వోసేది మీరేనా అక్కా?" అని మా ఆవిడ అడిగింది.

ఆమె తల దించుకుంది. "డ్యూటీకి పోయే తొవ్వే గదమ్మా. కాళ్ళు ఇటే తిరుగుతాన్నయ్."

వచ్చే శుక్రవారం వచ్చింది, చెప్పలేదు. ఆ పై శుక్రవారమూ చెప్పలేదు. నాతో వచ్చిన చిక్కేమిటంటే, ఆమె లేచి నిలబడి గొంతు సవరించుకున్నప్పుడల్లా, చెప్పేస్తుందేమోనని ఆమె కంటే ఎక్కువ నేనే వణికాను. కూటం ఉన్న రోజుల్లో మా ఆవిడ టీ పెట్టి ఇచ్చేది. వాళ్ళు అక్కను మెచ్చుకునేవారు, "కిరాయికున్నోళ్ళను గూడ ఎంత మంచిగ మలుసుకున్నవక్కా" అని. పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, అక్క మెత్తని మనిషి. కిరాయి ఎగ్గొట్టకు" అని బుద్ధి చెప్పాడు.

నెమ్మదిగా ఇల్లు నన్ను కిరాయిదారునే చేసింది. మేకు కొట్టాలంటే ఎవరిని అడగాలా అని సుత్తి పట్టుకొని నిలబడేవాణ్ణి. నా గుమ్మం ముందే చెప్పులు విప్పి, దగ్గి, తలుపు తట్టి లోపలికి వచ్చేవాణ్ణి. గోడ మీది శిలువ రోజురోజుకూ తేటపడుతోందని నేను, నీ కండ్లే పెద్దగయితాన్నయని మా ఆవిడ. ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా హాలు మధ్య నుంచి నడవడం మానేశాను. ఎవరి మోకాళ్ళైనా తొక్కుతానేమోనని గోడ వారగా పోయేవాణ్ణి. బతికి ఉన్నవాళ్ళు ఒక ఇంటిని ఇంతగా పట్టుకోగలిగితే, చచ్చినవాళ్ళకు అందులో పనేముంటుంది?

బావకు ఎలాగో తెలిసింది. హెల్మెట్ కూడా తీయకుండా లోపలికి దూకాడు.

"నీకేమన్న పిచ్చిలేసిందార? పాతామెను లోపల కూసోవెట్టి టీలు వోస్తానవా? రేపు ఆమె నా సామాను లోపలున్నది, నేనిక్కడ్నే ఉంటాన్న అని కోర్టుకు వోతే ఏండ్లకేండ్లు తిరుగుతవ్! వెనక గేటుకు గోడ గట్టియ్యి ముందు."

"చాపలు తప్ప ఆమె సామానేం లేదు బావా."

"చాపతోనే షురువయితది! ఎంతమందిని సూడలే నేను?"

గోడ కట్టే మేస్త్రీని తనే మాట్లాడతానని పోయాడు. ఆ హెల్మెట్‌లో ఆయన తల అంతరిక్షం నుంచి దిగినట్టు ఉన్నా, మాటలో నిజం లేదని అనలేను.

మేస్త్రీ రాకముందే ఆ శుక్రవారం వచ్చింది. గుంపులో స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలెక్కి వచ్చే ఒక అవ్వ ఉండేది. చేతిలో పుస్తకం లేకుండానే పాటలన్నీ పాడేది, ఫ్యాను రెక్కలు తన గొంతుకే తిరుగుతాయన్నంత గట్టిగా. ఆ రోజు పాట అయ్యాక ఎవరి జీవితంలో దేవుడు ఏం చేశాడో సాక్ష్యం చెప్పమన్నారు. అవ్వ నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

"నా కొడుకు లోను దెచ్చి కట్టలే. బ్యాంకోడొచ్చి మా ఇంటి గోడకు కూడ కాయితం వెట్టిండు. మొన్న మల్లొచ్చి, అవ్వా, ఒకసారి ఆఫీసుకు రా, మాట్లాడుకుందాం, గడువు దాటితే మా చేతిల ఉండది అన్నడు. నెక్కొండల ఉన్న నా బిడ్డ గూడ పోదాం పా, ఎంతో కొంత సర్దుత అన్నది. నేను పోలే! మా అక్క ఏ ఆఫీసుకు వోయింది? మోకాళ్ళేసింది, ఇల్లొచ్చింది. నాదీ గట్లనే వస్తది. పోరా అని చెప్పిన ఆనికి!"

స్తోత్రం, స్తోత్రం అని హాలు హోరెత్తింది. కంజీర గజ్జెలు కదిలాయి. అవ్వ ముఖం వెలిగిపోతోంది.

నేను అక్క వైపు చూశాను. ఆమె కూర్చున్న చోట రాయిలా ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో టీ పళ్ళెం పట్టుకొని అలాగే నిలబడింది. హోరు తగ్గకముందే అక్క లేచింది.

"అవ్వా, కూసో. నువ్వు రేపు పొద్దుగాల్నే ఆఫీసుకు పో."

"ఎందుకు బిడ్డా?"

"నాకు ఇల్లు రాలే. పోయింది. వేలంల ఈ తమ్ముడు కొనుక్కున్నడు. రంగేయించింది ఈయన. లైటు ఈయనది. కిరాయికుంటాన్నది ఈయన గాదు, నేను. సోమిడి తొవ్వల ఒక రూముల ఉంటాన్న. ఆఫీసుకు రమ్మన్నప్పుడు నేను గూడ పోలే అవ్వా. మొఖం చెల్లక పోలే. నువ్వట్ల జెయ్యకు."

కంజీర పెద్దాయన ఒళ్ళో ఉంది. గజ్జెలు కొద్దిగా మోగాయి, ఆయన అరచేత్తో నొక్కి పట్టాడు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అందరూ కలిసి నా వైపు చూశారు. నేను కట్టిన ఏ ఫ్లెక్సీలోనూ అన్ని కళ్ళు లేవు.

అవ్వ మెల్లగా అడిగింది. "మరి మనం జేసిన ప్రార్థన ఎటువోయింది బిడ్డా?"

పెద్దాయన లేచి నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ చెయ్యి తమ్మీ. నీ ఇంట్ల కూసోని, నీకు ఇల్లియ్యమని ప్రార్థన జేసినం."

"ఫలించింది గదన్నా" అన్నాను.

నా జీవితంలో ఎన్నో జోకులు వేశాను. ఇంత ఘోరంగా చచ్చినది ఇంకొకటి లేదు. అక్క ఒక్కతే నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఏడుపైంది. అప్పుడు గుంపులో ఉన్న ఆడవాళ్ళంతా లేచి ఆమె చుట్టూ చేరారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఓదార్పు మాట అనలేదు. ఒకరు ఆమె టిఫిను సంచి పట్టుకున్నారు, ఒకరు చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు. పెద్దాయన సోమిడి తొవ్వలో ఆ రూము ఎక్కడో అడిగి, ఇక కూటం అక్కడే అని చెప్పాడు. రూము చిన్నదని అక్క అంటే, గల్లీ పెద్దదే గదా అన్నాడు. చాపలు ఎత్తుకొని వెళ్ళిపోయారు. పోయేముందు అక్క వెనక గేటు తాళంచెవి మా ఆవిడ చేతిలో పెట్టింది.

ఆ తర్వాత శుక్రవారం సాయంత్రం మేమిద్దరం హాల్లో కూర్చున్నాం. పక్కింటి వాళ్ళ కుక్కర్ కూత కూడా ఉలిక్కిపడేలా వినిపించింది. ఇప్పుడు ఇల్లు పూర్తిగా మాదే. అంత పెద్ద హాలు నేను ఎప్పుడూ చూడలేదు. మైదానమంత ఉంది, ఆ చివర కూర్చున్న మా ఆవిడ చీమంత కనిపించింది. "టీ ఎక్కువ వెట్టిన" అని ఆమె అంది. ఇద్దరమూ రెండు రెండు సార్లు తాగాం.

కొన్ని రోజులకు దుకాణంలో ఉండగా ఘన్‌పూర్ అవ్వ వచ్చింది. అడుగుతూ అడుగుతూ వచ్చిందట. బావ అక్కడే కూర్చొని టీ తాగుతున్నాడు. అవ్వను స్టూలు మీద కూర్చోబెట్టాను.

"ఆఫీసుకు పోయినవా అవ్వా?"

"పోయిన బిడ్డా. పెద్దాయన తోలుకపోయిండు. లేటయింది, పైకి రాస్తం, చూస్తం అన్నరు. ఏమైతదో." తిరుగుతున్న మిషన్ వైపు చూసింది. "నువ్వు గిసొంటి ఇండ్లు కొంటవట గదా."

"నేను గాదవ్వా, మా బావ. నేను ఒక్కటే."

ఆమె బావ వైపు చూసి, మళ్ళీ నా వైపే తిరిగింది. "ఒకవేళ నా ఇల్లు వేలంలకొస్తే, నువ్వే కొనుక్కో బిడ్డా. ఎవలో తెల్వనోళ్ళు కొంటే గేటు గూడ తియ్యరు. నువ్వైతే ఒక్కపూట కూసోనిస్తవ్."

నా దగ్గర డబ్బులు లేవని చెప్పవచ్చు. అలా జరగదులే అనవచ్చు. ఏదో ఒక హాస్యం ఆడనైనా ఆడవచ్చు. బావ గ్లాసు కింద పెట్టి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. "సరే అవ్వా" అన్నాను.

అవ్వ తృప్తిగా తల ఊపి, కొంగు సర్దుకొని లేచింది. మెట్టు దిగి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది.

"నడిమింట్ల ఒక బండ కదుల్తాంటది బిడ్డా. జర చూస్కోని నడువు."